మెట్ల దగ్గర ఆపిన ఆట

మా ఇంట్లో పందొమ్మిది వీడియో గేమ్ డబ్బాలున్నాయి. ఎల్బీనగర్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. బియ్యం డ్రమ్ము పక్కన నాలుగు, మంచం కింద తొమ్మిది, మిగిలినవి అటక మీద. ఒక్కోదాన్ని పాత చీర ముక్కలో చుట్టి పెట్టాను. తెల్లవి, బూడిద రంగువి, ఎర్ర మూతది ఒకటి, తుపాకీతో వచ్చింది ఒకటి. నాకు మాత్రం ఒక్క ఆట కూడా ఆడరాదు.

ఎదురు ఫ్లాటు ఆవిడది గుంటూరు వైపు. మొదటిసారి చూసినప్పుడు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అదేంటండీ వదినగారూ, ఈ వయసులో వీడియో గేములు ఆడతారా మీరు?"

"ఆడ. దాస్త. మీరు స్టీలు గిన్నెలు దాస్తలేరా, గట్లనే."

"గిన్నెలైతే రేపు పనికొస్తాయండీ!"

"గివి సుత పనికొస్తయేమో అనే."

నవ్వితే నవ్వనీ. నాకు కావలసింది ఒకే ఒక్క ఆట. ఆ ఆటలో ఒకే ఒక్క బొమ్మ. ఆ బొమ్మ సగం నా దగ్గర గళ్ళ కాగితం మీద ఉంది. మిగిలిన సగం కోసమే నాలుగేళ్ళు తిరిగాను.

మా ఆయనది పోచంపల్లి పక్క ఊరు. చిటికి పనివాడు. నెయ్యకముందే నూలును పోగుల లెక్కన కట్టలు చేసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట తెలుపు నిలుస్తుంది, కట్టని చోట రంగు పడుతుంది. ఆ తర్వాతే మగ్గం. అందుకని బొమ్మ మొత్తం ముందే గళ్ళ కాగితం మీద గీసుకోవాలి. ఒక్క గడి తప్పితే చిలక ముక్కు పోయి చిలక తోకలో కలుస్తుంది.

పాప పుట్టాక మగ్గం మీద ముగ్గురం బతకలేమని దిల్‌సుఖ్‌నగర్ వచ్చాం. మెయిన్ రోడ్డు వెనక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఆయన చీరల దుకాణంలో కుదిరాడు. పొద్దంతా ఎవరో కట్టిన చీరలు విప్పడం, చూపడం, మడతపెట్టడం. పనికి పోకముందు ఇంట్లో కూర్చుని చిటికి కట్టేవాడు. ఆ నూలు ఊరికి పంపితే మా మరిది నేసేవాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆయన కట్టిన చీర ఒక్కటి కూడా నా ఒంటి మీదికి రాలేదు. ఇది వింతేమీ కాదు. నేతోళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళం సింథటిక్ చీరలు కట్టుకునే పట్టు కండెలు చుడతాం.

వీడియో గేమ్ పాప కోసం వచ్చింది. అప్పుడు అయిదో తరగతి. క్లాసులో అందరింట్లో ఉందని నెల రోజులు ఏడిస్తే, ఫుట్‌పాత్ మీద అమ్మేవాడి దగ్గర డబ్బా, దాని మీద గుచ్చే క్యాసెట్ ఒకటి కొనుక్కొచ్చాడు. క్యాసెట్ మీద కారు బొమ్మ ఉంది, లోపల కారు ఆటే లేదు. ఏవేవో ఆటలు కలిపి ఉన్నాయి. మొదటి రోజే ఆయన టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాడు.

"ఇగో, ఇటు రా. దగ్గరకొచ్చి చూడు. గీ మనిషి అంత గళ్ళే."

"పొయ్యి మీద పప్పున్నది నాకు."

"ముక్కు ఒక్క గడి. చెయ్యి మూడు గళ్ళు. ఎవడో మన అసొంటోడే గీసిండే దీన్ని."

"అయితే పో, వానికి సుత జీతం సరిగ ఇస్తున్నరో లేదో అడుగు."

ఆయన నవ్వాడు. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఈ మాట ఇక్కడే చెప్పి పెడుతున్నాను.

ఆ క్యాసెట్‌లో ఒక ఆట ఉండేది. పొట్టి మనిషి ఒకడు ఇళ్ళ కప్పుల మీద నుంచి దూకుతూ పోతాడు. చాలా దూరం పోయాక ఒక బురుజు వస్తుందట. బురుజు నిండా దీపాల గూళ్ళు, పైన పిట్టలు, కిందికి మెట్లు. ఆయనకు అంతదాకా ఆడడం చేతకాదు. పాపకు వచ్చు. పొద్దున్నే బడికి పోకముందు, "బిడ్డా, జర మెట్ల కాడికి తీస్కపో నన్ను" అనేవాడు. అది టకటకా దూకించి తీసుకుపోయేది. సరిగ్గా ఆ చోటికి రాగానే ఆయన "ఆపు" అనేవాడు. మీట నొక్కితే బొమ్మ అలాగే నిలిచిపోయేది. పాప సంచి తగిలించుకుని ఉరికేది. ఆయన చెవి సందున పెన్సిల్ పెట్టుకుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని గళ్ళు లెక్కపెట్టేవాడు.

"ఎవరి చీరకు గిది?" అని ఒకరోజు వంటింట్లోంచే అడిగాను.

"నీకే. ఒంటికి చిన్న గళ్ళు, కొంగుకు గీ బురుజు. దుకాణంల ఎవ్వలడిగినా ఇయ్య."

"నాకెందుకు ఇప్పుడు. పాప పెండ్లికి దాయి."

"పాపకు పాప మొగడు కొంటడు. నువ్వు ఊకో."

ఆయన పనికి పోతూ టీవీ కట్టేయనిచ్చేవాడు కాదు. డబ్బాకూ టీవీకీ ఒకటే స్విచ్చి, కట్టేస్తే బొమ్మ పోతుంది, మళ్ళీ మొదటి నుంచీ దూకాలి. అందుకని తెర మీద తువ్వాలు కప్పి పోయేవాడు, రాత్రి వచ్చి ఇంకొన్ని గళ్ళు చూసుకున్నాకే కట్టేసేవాడు. దాంతో మధ్యాహ్నం నా సీరియల్ పోయేది. ఆ డబ్బా పొద్దంతా వేడెక్కి కూర్చుంటే నేనే దానికి విసనకర్రతో విసిరేదాన్ని. "నాకు ఒక్కనాడన్న ఇసిరినవా గిట్ల" అని ఆయన సంబరపడేవాడు. కరెంటు పోయిన రోజు నాకు సీరియలూ లేదు, ఆయనకు బొమ్మా లేదు. తెల్లారి మళ్ళీ పాపను బతిమాలుకోవడమే.

నాకు అన్నీ గుర్తుంటాయని చుట్టాల్లో పేరు. ఏ పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో ఇప్పటికీ చెబుతాను. ఆ ఆట పాట మొదటి నుంచి చివరిదాకా నోటితో పాడగలను. ఎన్ని దూకుళ్ళ తర్వాత ఆయన "ఆపు" అనేవాడో కూడా చెప్పగలను. అవన్నీ వంటింట్లోకి వినబడేవి. ఆ బొమ్మ మాత్రం నేనెప్పుడూ చూడలేదు. చిన్న టీవీ, ముందు ఆయన కూర్చుంటే నాకు కనబడేది ఆయన వీపే. ఆయన పనికి పోయాక తువ్వాలు. ఎత్తి చూస్తే అయిపోయేది. ఎత్తలేదు.

దసరా వచ్చింది. నేతోళ్ళ ఇంట్లో ఆ రోజు పనిముట్లకు పూజ. మగ్గం ఊళ్ళో ఉంది కాబట్టి ఇక్కడ కత్తెర, రబ్బరు ముక్కలు, పెన్సిలు, స్కేలు పీట మీద పెట్టాను. పెట్టాక అనిపించింది, ఇప్పుడు ఆయన బొమ్మ తీసేది ఆ డబ్బాలోంచే కదా, అది మాత్రం పనిముట్టు కాదా అని. తీసుకొచ్చి పీట మీద పెట్టాను. క్యాసెట్ పీకి దాని పక్కన పెట్టాను. డబ్బా మీద బొట్టు, రెండు చేతి మీటల మీద బొట్టు. క్యాసెట్ కింద వరసగా రాగి పళ్ళుంటాయి. కొడవలికి పెట్టినా కత్తెరకు పెట్టినా పదునుకే పెడతాం బొట్టు. అందుకని తడి పసుపు, కుంకుమ ఆ పళ్ళకే పెట్టాను. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు అన్నిటి మీదా చల్లాను. మనసు నిండుగా చేశాను.

మర్నాడు పాప క్యాసెట్ గుచ్చి మీట వేసింది. తెర మీద అడ్డంగా గీతలు వచ్చాయి. తర్వాత కాలిన వాసన. అంతే.

పాప నా మీద పడి ఏడ్చింది. "గుడ్డకు పెట్టినట్టు దీనికెందుకు పెట్టినవే!" అని. ఆయన డబ్బా ఎత్తి మూత తీసి చూశాడు. లోపలంతా ఎర్రగా ఉంది.

"దేవునికి ఇచ్చినవ్ గద. ఇగ దేవుడే ఆడుకుంటడు తియ్," అన్నాడు.

కోపం రాలేదు. మరో క్యాసెట్ కోసం వెతకనూ లేదు. గళ్ళ కాగితం మడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. నా మొహం చూసి ఓర్చుకుంటున్నాడని అనుకున్నాను. సగంలో ఆగిపోయింది, నా వల్లే ఆగిపోయింది అనుకున్నాను.

కార్తీక పున్నమికి ముందే ఆయన పోయాడు. దుకాణంలో ఎవరికో చీర విప్పి చూపిస్తూ, ఆ చీర మీదే కూర్చుండిపోయాడట. దవాఖానలో డాక్టరు నన్ను చూసి, "ఈ గుండె నొప్పి ఇవాల్టిది కాదమ్మా. రెండు నెలల నుంచైనా ఉండాలె. చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదన్నాను.

దినాలయ్యాక, చుట్టాలు పోయాక, ఒక మధ్యాహ్నం టీవీ పెట్టాను. సీరియల్‌లో అత్త ఏడుస్తోంది. ఆమె చెంప మీద మెట్లున్నాయి. జడుసుకున్నాను. కట్టేశాను. కట్టేసినా, ఆరిన అద్దంలో, కిటికీ వెలుతురు పడ్డ చోట అవే మెట్లు, బూడిద పూసినట్టు. రోజూ పొద్దంతా ఒకే బొమ్మ నిలబెడితే అద్దం కాలుతుందని తర్వాత చంపాపేట్ మెకానిక్ చెప్పాడు. అద్దంలో ఎడమ సగమే మరక. కుడి సగం శుభ్రంగా ఉండేది. అలా ఎందుకో నేను అడగలేదు, అతను చెప్పలేదు. వార్తలు చదివే వాళ్ళ మీద, పెళ్ళిళ్ళ మీద, వానల మీద ఆ మెట్లు ఉంటూనే ఉండేవి. ఏడెనిమిదేళ్ళు అలాగే చూశాం. పాపకు ఉద్యోగం వచ్చాక పలకలాంటి కొత్త టీవీ తెచ్చి, పాతది ఆ టీవీ దుకాణం వాళ్ళకే ఇచ్చేసింది. ఇద్దరు మనుషులు దాన్ని మెట్లు దింపుతుంటే నేను వంటింట్లో ఉన్నాను.

బిస్కెట్ల డబ్బా నాలుగేళ్ళ కింద ఇల్లు మారేటప్పుడు బయటపడింది. ఎల్బీనగర్ వచ్చిన వారానికే ఆ కాగితం పట్టుకుని ఊరికి పోయాను. మా మరిది ఇంకా నేస్తున్నాడు. కాగితం నేల మీద పరిచి, వేలితో గళ్ళు లెక్కపెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు.

"అన్న చెయ్యే వదినా. కని గిది సగమే ఉన్నది. ఇటు దిక్కు ఒట్టి కాయితం. సగం బొమ్మకు నేనెట్ల కట్టాలె?"

"మిగిలింది నువ్వే ఏదన్న కలుపు."

"నా తెలివితోని కలిపితే అది అన్న బొమ్మ గాదు. గా మిగిలిన సగం పట్కరా. నీ చీర నేసేదాక కండ్లు మూసుకోను."

పాపను అడిగాను. "ఆ మెట్ల అవతల ఏముండె బిడ్డా?" అది ఇప్పుడు ఒక పిల్లకు తల్లి. "మెట్లే యాదికున్నయమ్మా. నాన్న ఆపు అనంగనే నేను ఉరికేదాన్ని గద. అవతల చెట్లుండె అనుకుంట," అంది.

అలా మొదలైంది నా తిరుగుడు. సైదాబాద్‌లో పాత సామాన్ల దుకాణం ఒకటి ఉంది. దుకాణమాయనకు యాభై ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు పిల్లలకు గంటల లెక్కన వీడియో గేములు ఆడించే దుకాణం నడిపాడట. లావు టీవీ ఒకటి ఇంకా ఉంచుకున్నాడు. పాత డబ్బా ఏది వచ్చినా నాకు ఫోను చేస్తాడు. "అమ్మా, ఒక ముసలిది వచ్చింది, చూస్కుంటవా?" అని. నేను పోయి స్టూలు మీద కూర్చుంటాను. అతను క్యాసెట్ పళ్ళ మీద ఊది, గుచ్చి, ఒక్కో ఆట పాట వినిపిస్తాడు. నేను కాదంటాను. అయినా ఉత్త చేతులతో లేవబుద్ధి కాక ఆ డబ్బా కొనుక్కుంటాను. ఆ ప్లాస్టిక్ వాసన, మీట నొక్కితే వచ్చే టిక్కు శబ్దం, పచ్చబడ్డ తెలుపు, ఇవన్నీ నాకు అలవాటయ్యాయి. ఒక్కో డబ్బా ఏ ఇంట్లోంచి వచ్చిందో, ఎవరు ఎవరిని బతిమాలి ఆడించుకున్నారో అనుకుంటూ తుడుస్తాను.

ఆదివారాలు అక్కడికి సాఫ్ట్‌వేర్ పిల్లలు వస్తారు. చిన్నప్పటి డబ్బాలు వెతుక్కుంటారు. ఒకతను నా చేతిలోది చూసి జాలిపడ్డాడు.

"ఆంటీ, మీరు మోసపోయిన్రు. గది ఒరిజినల్ కాదు, డూప్లికేట్."

"నాకు డూప్లికేటే కావాలె నాయనా. మా ఇంట్ల ఉన్నది గదే."

దుకాణమాయన పడి పడి నవ్వాడు. "అందరు అసలుది అడుగుతరు, గీ అమ్మ ఒక్కతే నకిలీది అడుగుతది," అని.

పోయిన వానాకాలం ఒక పొద్దున అతని ఫోను వచ్చింది. బాటసింగారం దిక్కు ఎవరో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చిందట, తెల్ల డబ్బా, మూడు క్యాసెట్లు. పోయాను. మూడోదాని మీద చేప బొమ్మ ఉంది. పదకొండో ఆటకు పాట మొదలయింది. వంటింట్లో పప్పు వాసన వచ్చింది నాకు, ఒట్టు.

"ఇదే," అన్నాను. "ముందుకు పోనియ్యి. నేను చెప్పినప్పుడు ఆపాలె."

"చూస్తె ఎరికైతదా అమ్మా?"

"చూడను. చెవులతోని ఇంట."

కళ్ళు మూసుకున్నాను. అతనికి చెయ్యి తిరిగింది, కానీ వయసైంది, రెండుసార్లు కిందపడి మళ్ళీ మొదలుపెట్టాడు. మూడోసారి దూకుళ్ళన్నీ వరసగా వచ్చాయి. తర్వాత గంటలాంటి చప్పుడు రెండుసార్లు. తర్వాత మెట్లు దిగే చప్పుడు, టప్, టప్, టప్, టప్.

"ఆపు," అన్నాను. ఆ మాట నా గొంతులో ఆయన మాటలాగే వచ్చింది.

కళ్ళు తెరిచాను. ఎడమ పక్క బురుజు. గూళ్ళలో దీపాలు. పైన మూడు పిట్టలు. మెట్లు కిందికి దిగుతూ సరిగ్గా తెర నడిమికి వచ్చి ఆగాయి. ఆఖరి మెట్టు మీద పొట్టి మనిషి ఒక కాలు ఎత్తి నిలబడ్డాడు. కుడి పక్క ఏమీ లేదు. నలుపు. చుక్క లేదు, చెట్టు లేదు, నేల లేదు.

"టీవీ ఖరాబైందా?" అన్నాను.

"లే అమ్మా. గట్లనే ఉంటది గీ ఆట. మెట్లయినంక చీకటి."

కాగితం తీసి ఒళ్ళో పరిచాను. గడి గడికీ సరిపోయింది. పిట్ట రెక్కలో ఒక గడి కూడా తేడా లేదు. కాగితం సగం కాదు. ఆయన బొమ్మ మొత్తం గీశాడు. గీయడానికి అంతకన్నా ఏమీ లేదు.

నా బొట్టు వల్ల ఏదీ ఆగలేదన్నమాట. ఇరవై ఏళ్ళు మోసిన బరువు దిగాలి. దిగలేదు. ఎందుకంటే అప్పుడే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆయన బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుంటే ఆ పొట్టు రోజూ నేనే ఊడ్చేదాన్ని. చవితి రోజు పాలవెల్లి కింద కూడా పొట్టు పడితే తిట్టాను. ఆ మర్నాటి నుంచి దసరా దాకా ఆ గదిలో నేను పెన్సిల్ పొట్టు ఊడ్వలేదు. ఒక్కరోజు కూడా. తిట్టినందుకు బయట చెక్కుకుంటున్నాడనుకున్నాను. బొమ్మ చవితికే అయిపోయింది. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున, "బిడ్డా, జర మెట్ల కాడికి తీస్కపో నన్ను" అంటూనే ఉన్నాడు. పాప తీసుకుపోతూనే ఉంది. ఆయన ఆపమని, చెవి సందున పెన్సిల్ అక్కడే ఉంచి, ఈ చీకటి ముందు కూర్చునేవాడు. నేను వంటింట్లోంచి ఆ వీపును చూసి, పాపం, గళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు అనుకునేదాన్ని. చప్పుడు చెయ్యకుండా గిన్నెలు మెల్లగా దించేదాన్ని.

ఛాతీలో నొప్పి పెట్టుకుని ఏం చూశాడో. నన్ను పిలుద్దామనుకున్నాడో. క్యాసెట్ పళ్ళకు బొట్టు పెట్టిన తప్పు ఎంత తేలికైనదో అప్పుడు తెలిసింది నాకు.

దుకాణమాయన చాయ్ తెప్పించాడు. అది చల్లారింది.

"ఎంతసేపని నిలవెడ్తవమ్మా గాన్ని? కాలు దించనియ్యి పాపం."

"జర ఆగు. నేను ఎన్నడు ఎదురుంగ కూసుండి చూడలే దీన్ని."

అతను బయటికి పోయి నిలబడ్డాడు. నేను చూశాను. నల్లటి అద్దంలో ఒక మొహం కనబడుతుంది, ఎవరు కూర్చుంటే వాళ్ళది. ఆ పొద్దుల్లో ఆయన మొహం కనబడి ఉంటుంది. వెనక, గది చివర వంటింటి గడప కూడా కనబడి ఉంటుంది. గడపలో నేను కూడా.

అతను తిరిగి వచ్చాక "ఇడువు" అన్నాను. మీట నొక్కాడు. పొట్టి మనిషి కాలు దించి నలుపులోకి నడిచాడు. మనిషి కనబడలేదు, అడుగుల చప్పుడు మాత్రం వచ్చింది. టప్, టప్, టప్. ఆ చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో ఎవరూ వినలేదు. అది ఎక్కడ ఆగుతుందో వినకుండానే లేచాను.

ఇంటికి వచ్చి మరిదికి ఫోను చేశాను.

"మిగిలిన సగం దొరికింది. ఏం లేదు అండ్ల. నలుపే."

"ఏం లేదా? ఉత్త నలుపేనా వదినా?"

"ఉత్త నలుపే."

మరిది మెల్లగా అన్నాడు. "అయితే సగం పనే. గా సగానికి కట్టుడే లేదు. ఊకె రంగుల ముంచుడే." మళ్ళీ తనే, "కొంగుల నలుపు ఎటు రావాలె? భుజం దిక్కా, చివరకా?" అని అడిగాడు.

చివరకే అన్నాను. కొంగు వెనక్కి వేసుకుంటే చివర వీపు మీద పడుతుంది. వెనక నిల్చున్న వాళ్ళకే కనబడుతుంది.